వరిపైరు తన కాపలా తానెట్లా కాస్తుంది?



పైరుకు తెగులు వస్తే మందు కొట్టి కాపాడేది మనమే అనుకుంటాం. కాని మనం చేలో అడుగు పెట్టకముందే మొక్క తన రక్షణ తాను చూసుకుంటూనే ఉంటుంది. అదెట్లాగో తెలిస్తే ఏ విత్తనం వేయాలో, ఎరువు ఎప్పుడు ఆపాలో మనకే తోస్తుంది. తెలియకపోతే ఏమవుతుందో ముందు నా అనుభవమే మనవి చేస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన నన్ను సార్వా చేను దగ్గరకు తీసుకుపోయాడు. సాంబ మసూరి వేశాడు. "బాబూ, ఆకులు పసుపుబారుతున్నాయి. యూరియా ఓ చల్లు చల్లమంటారా?" అని అడిగాడు. ముసురు పట్టి ఉంది, చేలో మోకాలిలోతు బురద. నేను గట్టుమీద నిలబడే చూసి, "నత్రజని చాలలేదు, చల్లండి బాబాయ్" అన్నాను. మూడు వారాలు తిరిగేసరికి చేనంతా నిప్పు సోకినట్టు ఎండిపోయింది. అది ఆకలి కాదు, బాక్టీరియా ఎండాకు తెగులు. ఆయన కౌలు రైతు. కౌలు గింజలు కొలిచాక ఇంటికి మిగిలిందేమీ లేదు. నన్ను తిట్టలేదు. "మీరు చేలోకి దిగి చూసి ఉంటే బాగుండేది బాబూ" అన్నాడు, అంతే. ఆ మాట ఈనాటికీ నన్ను వదల్లేదు.

ఇంతకీ చేలో జరిగిందేమిటి? మొక్కలోని ప్రతి కణంలోనూ వేలకొద్దీ జన్యువులుంటాయి. వీటిని కాలవమీది తూములనుకోండి. అన్ని తూములూ ఎప్పుడూ తెరిచి ఉండవు గదా! ఎప్పుడు ఏది అవసరమో అదే తెరవాలి. తెగులును ఎదిరించే జన్యువులు మామూలు రోజుల్లో చాలావరకు మూసే ఉంటాయి. ఎందుకంటే కాపలాకు ఖర్చు ఉంది. రాత్రింబగళ్లు ఆయుధాలు చేసుకుంటూ కూర్చుంటే మొక్కకు పిలకలు పెట్టడానికీ, గింజ పోసుకోవడానికీ సత్తువ చాలదు, గిడసబారిపోతుంది. అందుకని శత్రువు వచ్చినప్పుడే తలుపు ఎత్తుతుంది.

శత్రువు వచ్చిన సంగతి దానికెట్లా తెలుస్తుంది? కణం పైపొరమీద కావలివాళ్ల వంటి మాంసకృత్తులుంటాయి. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో ఎక్స్ఏ-21 అనే జన్యువు ఉంది. దాన్ని 1995లో కాలిఫోర్నియాలో వేరుచేసి చూపారు. అది తయారుచేసే కావలివాడు ఈ బాక్టీరియా విడిచే ఒక మాంసకృత్తు ముక్కను గుర్తుపడతాడు. పట్టగానే కబురు చేతులు మారి కేంద్రకానికి చేరుతుంది. అక్కడ లస్కర్ల వంటి కొన్ని మాంసకృత్తులు జన్యువుల మొదట్లో కూర్చుని రక్షణ తూములను ఎత్తుతాయి. కణం గోడలు గట్టిపడతాయి, సూక్ష్మజీవికి గిట్టని పదార్థాలు తయారవుతాయి.

అయితే శత్రువూ తెలివైనదే. ఈ బాక్టీరియా ఆకు అంచున ఉన్న నీటి రంధ్రాల గుండానో, గాయాల గుండానో లోపలికి దూరి, దొంగ తాళంచెవుల వంటి మాంసకృత్తులను కణంలోకి ఎక్కిస్తుంది. అవి పోయి తెరిచేది రక్షణ తూమును కాదు, చక్కెరను బయటికి వదిలే తూమును. మన మొక్క చేతనే తనకు వడ్డన చేయించుకుంటుందన్నమాట!

దీనికి విరుగుడు కూడా వరిజాతిలోనే దొరికింది. ఎక్స్ఏ-13 అనే రకం జన్యువులో ఆ చక్కెర తూము తాళం కాస్త మారి ఉంటుంది, దొంగచెవి పట్టదు. ఎక్స్ఏ-5 అనే దానిలో, దొంగచెవి తిప్పడానికి ఊతమిచ్చే మొక్క సొంత మాంసకృత్తు కొద్దిగా మారి ఉంటుంది. దొంగకు పట్టు చిక్కదు.

1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) అన్నానికి పెట్టింది పేరు, కాని ఎండాకు తెగులుకు లొంగిపోతుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు ఈ మూడు జన్యువులను పదే పదే సాంబతోనే సంకరపరచి అందులోకి తెచ్చారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా అది విడుదలయింది. ఇది మామూలు సంకరంతో వచ్చిన రకమే, జన్యుమార్పిడి పంట కాదు. మూడెందుకని అడుగుతారేమో. శత్రువు ఒక కాపలాను తప్పించుకున్నా మిగతావి ఉండాలని.

2017లో అమెరికా, చైనా శాస్త్రవేత్తలు ఇంకో మార్గం చూపారు. రక్షణకు పెద్దయిన ఒక మాంసకృత్తు తాలూకు ఉత్తర్వు కణంలో సిద్ధంగా ఉంటుంది గాని, దాడి జరిగితేనే అమలవుతుంది. అట్లా చేసిన వరి ఎదుగుదల చెడకుండా తెగుళ్లకు తట్టుకుంది. కాపలా ఎంత ముఖ్యమో, వేళకు తూము దించడం కూడా అంతే ముఖ్యమని దీనివల్ల తేలింది.

ఇక మనం చేయవలసిన పనులు చిత్తగించండి.

ఒకటి: పసుపు కనబడగానే యూరియా బస్తా విప్పకండి. చేలోకి దిగండి. నత్రజని లోపమైతే కింది ముదురాకులు ముందుగా పాలిపోతాయి. ఎండాకు తెగులైతే ఆకు కొసనుంచి అంచుల వెంబడి అలలు అలలుగా ఎండుతూ వస్తుంది, నడిమి ఆకు పచ్చగానే ఉంటుంది. అనుమానం ఉంటే పచ్చ, ఎండు కలిసే చోట ముక్క కోసి, గాజు గ్లాసులో తేటనీళ్లలో వేలాడదీయండి. కాసేపటికి కోత దగ్గర పాలచార కారితే తెగులే.

రెండు: తెగులు కనబడితే నత్రజని ఆపండి. మామూలప్పుడు కూడా ఒక్కసారే గుమ్మరించక దఫాలుగా వేయండి. నత్రజని ఎక్కువై ఏపుగా పెరిగిన లేత పైరులో ఈ తెగులు చెలరేగుతుంది.

మూడు: నాటేటప్పుడు నారు కొసలు తుంచకండి. ప్రతి గాయం శత్రువుకు గుమ్మమే. తెగులు చేలోని నీరు పక్క మడికి పోనివ్వకండి.

నాలుగు: ఎక్స్ఏ-21 కావలి లేత నారులో బలహీనం, ముదిరిన పైరులోనే పూర్తి బలం. కాబట్టి తట్టుకునే రకమైనా నారుమడి శుభ్రం తప్పదు. ఈ జన్యువులు అగ్గి తెగులుకూ, పాముపొడకూ, దోమకూ పనిచేయవని కూడా గుర్తుంచుకోండి.

అయిదు: ఈ రకం విత్తనం ఇంట్లోనే కట్టుకోవచ్చు. అయితే కేళీలు ఏరేయండి. ఎక్స్ఏ-5, ఎక్స్ఏ-13 గుణాలు తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ వస్తేనే బాగా పనిచేస్తాయి. కల్తీ అయితే కాపలా పోయినట్టే.

నా తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక్క మాట: గట్టుమీద నుంచి సలహా చెప్పకండి. బురద కడుక్కుంటే పోతుంది, పోయిన పంట తిరిగి రాదు.

ఇక సెలవు.