గ్రానైట్ మీద పేరు చెక్కిస్తున్నారా? ఫాంట్ విషయంలో ఒక్క నిమిషం ఆగండి

గేటు పక్కన నేమ్ ప్లేట్ కావచ్చు, తాతయ్య సమాధి మీద రాయి కావచ్చు. "ఒరేయ్, ఫోన్లో ఏదో మంచి ఫాంట్ చూడరా" అని ఆ పని మనకే అప్పజెప్తారు. మనం స్క్రీన్ మీద ముద్దొచ్చే సన్నటి వంపుల ఫాంట్ పంపేస్తాం. అది పెళ్లికార్డుకు బాగుంటుంది, రాయికి కాదు.

మన వైపు నల్లరాయి అంటే చీమకుర్తి గెలాక్సీ. నల్లటి గ్రానైట్‌లో బంగారు మెరుపులు. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. సన్న గీత చెక్కితే ఆ చుక్కల్లో కలిసిపోతుంది. పైగా అందరూ గోల్డ్ కలరే నింపమంటారు! చుక్కలూ బంగారమే, అక్షరమూ బంగారమే, ఇక చదివేదెట్లా? తెలుపు అడగండి.

ఇప్పుడు చెక్కడం చాలాచోట్ల ఇసుకతోనే. రాయికి రబ్బరు షీటు అంటించి, అక్షరాల మేర కోసి తీసేసి, గాలితో ఇసుక కొడతారు. రబ్బరు లేనిచోట గుంత పడుతుంది. మన అక్షరాల్లో గుండ్రాలు, సందులు ఎక్కువ కదా. సైజు చిన్నదైతే లోపలి రబ్బరు ముక్క ఊడిపోయి, గుండ్రం కాస్తా మొద్దు మచ్చ అవుతుంది. 'ద'కీ 'ధ'కీ తేడా అడుగున చిన్న గీతే. అది పోతే మాధవరావు గారు ఎప్పటికీ మాదవరావే. పేపరైతే చించేస్తాం, రాయిని ఏం చేస్తాం?

గీత మందం పెద్దగా మారని, లోపల ఖాళీ ఉన్న ఫాంట్ తీసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరికే 'మండలి' ఇలాంటి పనికి నయం. 'రామభద్ర' బాగా లావు. పెద్ద సైజు పేరుకు సరే, కింద తేదీలకు, ఊరి పేరుకు వద్దు. భట్టిప్రోలు స్తూపంలో 1892లో దొరికిన రాతి భరిణెల మీద బ్రాహ్మీ అక్షరాలు ఫొటోల్లో చూడండి. ఏ సోకూ లేని గీతలు. రెండు వేల ఏళ్లు దాటినా చదవగలుగుతున్నారు.

ఇంకొకటి. మీరు వాట్సాప్‌లో పంపేది యూనికోడ్. చాలా డీటీపీ షాపుల్లో వాడేది అను ఫాంట్స్. నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, అందుకని మళ్లీ టైప్ చేస్తారు. తప్పులు దొర్లేది అక్కడే. కొన్ని సాఫ్ట్‌వేర్లలో 'లక్ష్మి' ఒత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. అందుకే ప్రూఫ్‌ను ఫోన్లో చూసి ఓకే అనకండి. అసలు సైజులో ప్రింట్ తీయించి, గోడకు అంటించి, రోడ్డు అవతల నుంచి చదవండి. ఇంట్లో పెద్దాళ్లతో కూడా చదివించండి, ఇంటిపేరు స్పెల్లింగ్ వాళ్లకే తెలుసు.

వచ్చే ఎపిసోడ్‌లో స్టీలు బిందెల మీద పేర్లు కొట్టే మిషన్ సంగతి చూద్దాం. ఉంటా మరి!