అప్పుడే పుట్టిన కోడిపిల్లల కాళ్ల జబ్బులు
(రైతుల సభలో చేసిన యుపన్యాసము)



మన పల్లెలలో కోళ్లు లేని రైతు ఇల్లు అరుదు. పొలము పంట యేడాదికి ఒకటి రెండు మారులు మాత్రమే చేతికి వచ్చును. గ్రుడ్లమీద వచ్చు రూకలో, వారము వారము సంతనాడు ఇల్లాలి చేతికి వచ్చి, ఉప్పుపప్పులకును పిల్లల పుస్తకములకును అక్కఱకు వచ్చుచున్నవి. కావున ఒక కోడిపిల్ల చచ్చినచో పోయినది పిడికెడు మాంసము కాదు. ఆఱు మాసముల పిమ్మట గ్రుడ్లు పెట్టవలసిన పెట్ట పోయినదని యెంచుకొనవలెను.

పొదిగిన గ్రుడ్లు పగిలి పిల్లలు వెలువడిన నాడు ఒకటి రెండు లేచి నిలువలేక, కాళ్లు చెరియొక ప్రక్కకు చాచుకొని పడియుండుట మీరందఱును చూచియే యుందురు. "ఇది బ్రదుకదు" అని దానిని గంప మూలకు నెట్టివేయుట వాడుక. అట్లు నెట్టివేయబడిన పిల్లలలో అనేకము కాళ్ల జబ్బుచేత గాక, నీళ్ల దగ్గఱకు పోలేక దప్పిచేతను, మేత అందక ఆకలిచేతను చచ్చుచున్నవి. వీనిలో కొన్నిటికి జానెడు గుడ్డపేలికతో మూడు నాలుగు దినములలో నయము చేయవచ్చును. మఱికొన్నిటి కాళ్ల బలహీనత మంద కంతటికిని రానున్న తెగులునకు మొదటి గుర్తు కావచ్చును. ఈ భేదము నెఱుగుటయే నేటి మన విషయము.

మొదట తొందరపడరాదు

కోడిగ్రుడ్డు 21 దినములకు పిల్ల యగును. పెంకునకు చిల్లు పడిన తరువాత పిల్ల పూర్తిగా వెలికి వచ్చుటకు సాధారణముగా అరదినము, ఒక్కొక్కప్పుడు దినమంతయు పట్టును. ఆ సమయమున పసుపుసొన దాని కడుపులోనికి చేరుకొనుచుండును. జాలిపడి పెంకు నొలిచినచో నెత్తురు కారి పిల్ల చెడును. వెలువడిన కొన్ని గంటలవఱకు ఏ పిల్లయైనను తూలుచునే యుండును. అది జబ్బు కాదు. ఒళ్లు ఆఱి, బొచ్చు విచ్చుకొని, తోటి పిల్లలు పరుగిడుచుండగా ఒకటి మాత్రము లేవలేకున్నచో అప్పుడు దానిని చేతికి తీసికొని పరీక్షింపవలెను.

కాళ్లు ప్రక్కలకు జారుట

అన్నిటికంటె తఱచుగా కనబడునది యిది. పిల్ల పొట్టమీద పడియుండి, రెండు కాళ్లును, లేదా ఒక కాలు, ప్రక్కకు జారిపోవుచుండును. ఎముకయు కీలును సరిగానే యుండును. కాళ్లను దగ్గఱకు చేర్చు కండలకు మాత్రము పట్టు చిక్కలేదు. దీనికి ముఖ్య కారణము నున్నని నేల. గచ్చు, రేకు పళ్లెము, అట్టపెట్టె అడుగు, పఱచిన వార్తాపత్రిక, ఇవి యన్నియు పిల్లకాలికి జారుడే. పొదుగు యంత్రములో వేడియు తేమయు తప్పినను ఇట్టి పిల్లలు పుట్టును.

చికిత్స సులభము. పుట్టిన మొదటి రెండు మూడు దినములలోనే చేయవలెను. ఎముకలు ముదిరిన కొలది ఫలము తగ్గును.

మెత్తని పాతబట్టనుండి పావు అంగుళము వెడల్పు గల పేలిక నొకటి చింపుడు. మందుల దుకాణములో దొరకు అంటుపట్టీ యైనను మంచిదే. పిల్ల రెండు కాళ్లను దాని ఒడలి క్రిందికి, స్వభావముగా నిలుచు రీతిని చేర్చి, పాదమునకు పైగాను నడిమి కీలునకు క్రిందుగాను, ఒక్కొక్క కాలికి వదులుగా చుట్టి, నడుమ సుమారొక అంగుళ మెడము విడిచి సంకెలవలె కట్టుడు. దారముతో ఎన్నడును కట్టరాదు. అది చర్మమును కోసి నెత్తురు నాపును. కట్టిన పిమ్మట పాదము చల్లబడినను వాచినను వెంటనే విప్పి, మఱల వదులుగా కట్టవలెను.

మొదటి గంట రెండు గంటలు పిల్ల బోర్లపడుచు లేచుచుండును. గోనెపట్టమీద దాని నుంచి, చేతితో నిలువబెట్టుచుండవలెను. పిల్ల త్వరగా పెరుగును గనుక దినమున కొకసారి కట్టు విప్పి చూచి, మార్చి కట్టవలెను. అనేకముగా మూడు మొదలు అయిదు దినములలో పిల్ల తిన్నగా నడచును.

వ్రేళ్లు ముడుచుకొనుట

కొన్ని పిల్లల పాదముల వ్రేళ్లు లోపలికి ముడుచుకొని పిడికిలివలె నుండును. పుట్టిననాడే యిట్లుండి పిల్ల చురుకుగా నున్నచో, దళసరి అట్టముక్కను పాదమంత కత్తిరించి, వ్రేళ్లను తిన్నగా చాచి దానిమీద అంటుపట్టీతో అతికింపవలెను. రెండు మూడు దినములలో వ్రేళ్లు సరియగును.

పుట్టినప్పుడు బాగుగా నుండి, ఒకటి రెండు వారములలో ఒకటి తరువాత నొకటిగా పిల్లలు వ్రేళ్లు ముడిచి, నడిమి కీళ్లమీద కూర్చుండి ప్రాకులాడుచున్నచో అది మేతలోని లోపము. రైబోఫ్లేవిన్ అను బి2 విటమిను చాలకపోవుటచే కాలి నరములు చెడుటవలన ఇది కలుగుచున్నది. తౌడు, నూకలు, జొన్నలు మాత్రమే మేపు ఇండ్లలో ఇది కలుగవచ్చును. మజ్జిగ, మునగాకు, లేత పచ్చగడ్డి, ఈస్టు, వీనిలో ఈ విటమిను కలదు. త్వరగా సరిచూచినచో పిల్లలు కోలుకొనును. ఆలస్యమైనచో చెడిన నరము మఱల బాగుపడదు. తల్లి పెట్టలకు ఈ లోపమున్నచో పిల్లలు గ్రుడ్డులోనే చచ్చును. కావున పొదిగించు గ్రుడ్లకై యుంచిన పెట్టలకు ఆకుమేత తప్పక చూపవలెను.

నడిమి కీలునందు నరము తప్పుట

కోడి కాలిలో మోకాలివలె మనకు కనుపించు నడిమి కీలు నిజముగా దాని మడమ. దాని వెనుక గాడిలో నొక బలమైన నరము సాగియుండును. ఆ నరము గాడి తప్పి ప్రక్కకు జారినచో కీలు వాచి చదునై, క్రింది కాలు వంకర తిరుగును. మేతలో మాంగనీసు అను లోహపదార్థము చాలమి దీనికి ముఖ్య కారణమని 1936లో అమెరికా దేశపు పరిశోధకులు కనుగొనిరి. కోలీన్, బయోటిన్ అను పోషకముల లోపమువలనను ఇది కలుగును. జొన్నలలో మాంగనీసు తక్కువ, వరితౌడులో హెచ్చు. కావున మేతలో తౌడు పాలు కలుపుట మేలు. తొలిదినమే గుర్తించినచో కాలిని చాచి, వ్రేలితో నరమును మెల్లగా గాడిలోనికి త్రోయ వచ్చును. కీలు వాచి వంకర తిరిగిన పిమ్మట అది కుదురదు. అట్టి పిల్లను బాధ పెట్టుచు సాకుట దయ కాదు.

ఎముకలు మెత్తబడుట

రెండు వారములు దాటిన పిల్లలు కుంటుచు, ముక్కు మెత్తగా వంగునట్లున్నచో, ఎండ చాలక డి విటమిను లోపించినదని గాని, మేతలో సున్నమును భాస్వరమును సమముగా లేవని గాని గ్రహింపవలెను. ఉదయపుటెండలో పిల్లలను విడువుడు. గాజు కిటికీ గుండ వచ్చు ఎండ యిందుకు పనికిరాదు. సున్నము మంచిదని గ్రుడ్లు పెట్టు కోళ్ల దాణాను పిల్లలకు పెట్టరాదు. అందలి సున్నము పిల్లలకు కావలసినదానికంటె మూడు రెట్లు మించియుండి మూత్రపిండములను చెఱచును.

తెగులును గుర్తించుట

ఒక్క పిల్లకు కాలు జారిన అది నేల దోషము. పది పిల్లలకు ఒక్కసారి కాళ్లు పడిపోయినచో అది తెగులు. కొక్కెర తెగులు, అనగా రాణీఖేతు వ్యాధి, మన దేశమున 1927లో గుర్తింపబడినది. అందు పిల్లలు ఆయాసపడుట, పచ్చగా పాఱుట, మెడ తిరుగుట, కాళ్లు పడుట, వెంటవెంటనే చచ్చుట కనబడును. దీనికి మందు లేదు, టీకాయే రక్షణ. మొదటి వారములోనే కంటిలో గాని ముక్కులో గాని చుక్క వేయింపవలెను. మఱియొకటి, 1907లో హంగరీ దేశపు పశువైద్యుడు మారెక్ వర్ణించిన వ్యాధి. ఒక కాలు ముందునకును ఒకటి వెనుకకును చాచి పడుట దాని గుర్తు. అది నెల దాటిన పిల్లలలోనే సాధారణముగా కనబడును గాని, దాని టీకా మాత్రము పుట్టిన మొదటి దినమే వేయవలెను. కావున పిల్లలను కొనునప్పుడు ఈ టీకా వేసినదియు లేనిదియు అడిగి తెలిసికొనుడు. కీలు వెచ్చగా వాచినను, బొడ్డు తడిగా దుర్వాసన కొట్టినను సూక్ష్మజీవుల దోషము. ఇట్టి గుర్తులు కనబడినచో జబ్బు పిల్లలను దూరముగా వేఱుపఱచి, ఆలసింపక పశువైద్యునికి చూపుడు. చచ్చినవానిని చెఱువులోను ఏటిలోను పాఱవేయక, లోతుగా పూడ్చి పైని సున్నము చల్లుడు.

కట్టుకట్టిన పిల్ల పోషణ

కాలు సరియగువఱకు పిల్ల ప్రాణము నీటిపై నిలిచియుండును. కడుపులో చేరిన పసుపుసొన రెండు దినములవఱకు దానికి ఆహార మగును గాని, నీటికొఱత తీర్పజాలదు. రెండు గంటల కొకసారి పిల్లను చేత బట్టుకొని, ముక్కు కొనను గోరువెచ్చని నీటిలో ముంచి త్రాగింపవలెను. ముక్కు రంధ్రములు మునుగరాదు. నీటిపళ్లెము లోతు లేనిదై, లోపల గులకరాళ్లు వేసినదై యుండవలెను. లేకున్న కుంటిపిల్ల అందు పడి మునుగును. మెత్తగా విసరిన నూకలను గోనెపట్టమీద దాని యెదుటనే చల్లుడు.

తోటి పిల్లలు దానిని త్రొక్కకుండ చిన్న బుట్టలో వేఱుగా నుంచుడు గాని, వాని అఱపులు వినబడు చోటనే యుంచుడు. ఒంటరిగా నున్న పిల్ల అఱచి యఱచి సోలును. మొదటి వారము పిల్లల యొద్ద సుమారు 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా 35 డిగ్రీల సెంటిగ్రేడు, వేడిమి యుండవలెను. తరువాత వారమునకు అయిదేసి ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గింపవచ్చును. పిల్లలు గుంపుగూడిన చలి; దూరముగా పఱచుకొని నోరు తెఱచిన వేడి.

ముందు జాగ్రత్త

పిల్లలు వెలువడు చోట గోనెపట్టయో, ముతక గుడ్డయో పఱచుడు. మూడు నాలుగు దినముల తరువాత వరియూక గాని వేరుసెనగ పొట్టు గాని రెండంగుళముల మందమున పోసి, తడిసినదాని నెప్పటికప్పుడు తీసివేయుడు. యంత్రముతో పొదిగించువారు గ్రుడ్లను 18 దినములవఱకు దినమునకు మూడు సార్లకు తక్కువ గాకుండ త్రిప్పి, తరువాత త్రిప్పుట మాని తేమ హెచ్చింపవలెను. మంచి మేతయు మంచి నేలయు నున్నను ఏ జత పిల్లలలో పలుమారు వంకరకాళ్లు పుట్టునో, ఆ పుంజును పెట్టను పొదుగునకు వాడవలదు. కట్టు కట్టి అయిదాఱు దినములైనను లేవని పిల్లనుగూర్చి పశువైద్యుని సలహా పొందవలెను.

ఈసారి మీ యింట గ్రుడ్లు పొదుగ వేసిన నాడే గోనెపట్ట ముక్కయు, మెత్తని పేలికయు, గులకరాళ్లు వేసిన పళ్లెమును సిద్ధపఱచి యుంచుకొనవలయునని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.