ఊళ్లో ఉండి 50 వేలు అప్పు కావాలంటే ముందు ఏ తలుపు తట్టాలి?

ఈరోజు టాపిక్ పర్సనల్ లోన్. అయితే నెల మొదటి తారీఖున అకౌంట్లో జీతం పడేవాళ్ల పర్సనల్ లోన్ గురించి కాదు. వాళ్లకి బ్యాంకులే ఫోన్ చేసి ఇస్తామంటాయి. నేను మాట్లాడేది మండల కేంద్రానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, రెండెకరాల సొంత పొలమో కౌలు పొలమో చేసుకునే ఇంటి గురించి. సాలరీ స్లిప్ ఉండదు, ఐటీ రిటర్న్ ఉండదు. కానీ అవసరం మాత్రం అందరికీ వచ్చినట్టే వస్తుంది. నాన్నకి ఆపరేషన్, చెల్లి కాలేజీ ఫీజు, కాలిపోయిన బోరు మోటారు.

మీకెందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు ఇంట్లో అప్పు మీ చేతుల మీదుగానే వస్తోంది. ఇదివరకు నాన్న వెళ్లి షావుకారి అరుగు మీద కూర్చునేవాడు. ఇప్పుడు ఇంట్లో ఫోన్ బాగా చూడగలిగేది మీరే కాబట్టి, "ఒరేయ్, ఏదైనా లోన్ వస్తుందేమో చూడరా" అని మీకే చెప్తున్నారు. మీరు నొక్కే ఒక్క బటన్ మీద ఇల్లంతా ఆధారపడి ఉంది. అందుకే ఈ లెక్క మీకు తెలియాలి.

ముందు వడ్డీ భాష అర్థం చేసుకుందాం. మన ఊళ్లో వడ్డీని రూపాయల్లో చెప్తారు. నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకి వందకి ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం, మూడంటే 36, ఐదంటే 60 శాతం. బ్యాంకు వాళ్లు ఏడాదికి చెప్తారు. కాబట్టి బ్యాంకు వాడు "14 శాతం" అన్నప్పుడు అది ఎక్కువగా, ఊళ్లో ఆయన "మూడు రూపాయలేలే" అన్నప్పుడు అది తక్కువగా వినిపిస్తుంది. నిజం పూర్తిగా ఉల్టా.

50 వేలకి లెక్క చూడండి. మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 1,500. ఏడాదికి 18,000 వడ్డీ కట్టాక కూడా అసలు 50 వేలు అలాగే ఉంటుంది. అదే 14 శాతానికి బ్యాంకులో 12 నెలల వాయిదాల మీద తీసుకుంటే నెలకి సుమారు 4,490 కట్టాలి. ఏడాది తిరిగేసరికి అసలు కూడా తీరిపోతుంది, మొత్తం వడ్డీ 3,900 లోపే.

ఇంకో కిటుకు ఉంది, దాని పేరు ఫ్లాట్ రేటు. "12 శాతమే, ఫ్లాట్" అంటారు. 50 వేలకి ఏడాదికి 6,000 వడ్డీ కలిపి, 12 వాయిదాలు చేసి నెలకి 4,667 కట్టమంటారు. మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నారు, కానీ వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 50 వేల మీదే వేశారు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 12 కాదు, దాదాపు 21న్నర శాతం. కాబట్టి ఎవరినైనా "వడ్డీ ఎంత?" అని మాత్రమే అడగొద్దు. "ఏపీఆర్ ఎంత?" అని అడగండి. ఫీజులన్నీ కలిపి ఏడాదికి పడే అసలు భారం అదే. 2024 అక్టోబర్ 1 నుంచి వ్యక్తులు తీసుకునే లోన్లకి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' ఇవ్వాలని ఆర్‌బీఐ నియమం. అందులో ఏపీఆర్ రాసి ఉండాలి. ఆ కాగితం లేకుండా సంతకం లేదు, అంతే.

సరే, ఇప్పుడు తలుపుల దగ్గరికి వద్దాం. నేను చెప్పే వరుస ముఖ్యం.

మొదటి తలుపు, అసలు అప్పు అవసరమా అన్నది. ఆసుపత్రి ఖర్చయితే ముందు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి. కాలేజీ ఫీజైతే పర్సనల్ లోన్ వైపు వెళ్లకండి. ఎడ్యుకేషన్ లోన్ వేరే ఉంది. బ్యాంకుల నమూనా పథకంలో 7 లక్షల 50 వేల వరకు ఆస్తి తాకట్టు అడగరు.

రెండోది, మన డబ్బు మీదే మన అప్పు. ఇంట్లో ఎల్‌ఐసీ పాలసీ ఉందా? సరెండర్ విలువ వచ్చిన పాలసీ అయితే దాని మీద లోన్ ఇస్తారు. పోస్టాఫీసులో ఆర్‌డీ కడుతున్నారా? 12 వాయిదాలు కట్టి ఏడాది నడిచిన ఖాతా మీద, జమైన దాంట్లో సగం వరకు తీసుకోవచ్చు. వడ్డీ ఆర్‌డీ రేటు కంటే 2 శాతం ఎక్కువ, అంతే. వీటికి సిబిల్ స్కోర్ గొడవ లేదు, హామీ సంతకం లేదు. బీరువాలో ఉన్న బాండు కాగితాలు ఓసారి బయటికి తీసి చూడండి.

మూడోది, అమ్మ. అవును, అమ్మ డ్వాక్రా గ్రూపు. చాలామంది కుర్రాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద మహిళా సంఘాలకి 3 లక్షల వరకు బ్యాంకులు 7 శాతానికే ఇస్తాయి. పైగా 2011లో మొదలైన స్త్రీనిధి ఉంది. అది సంఘాల మహిళలకి అప్పు అందించడానికే పెట్టిన సహకార సంస్థ. గ్రూపు పొదుపులోంచి ఇచ్చే అంతర్గత అప్పు కూడా ఉంటుంది. గ్రూపు పాత బాకీ లేకుండా కడుతోందా, ఈసారి వంతు ఎవరిది, వడ్డీ రాయితీ ఎంతవరకు వస్తుంది అన్నది వీవోఏ అక్కని అడిగితే చెప్తుంది.

నాలుగోది కిసాన్ క్రెడిట్ కార్డు. 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కార్డు లిమిట్ లెక్కకట్టేటప్పుడు పంట ఖర్చు మీద 10 శాతం ఇంటి అవసరాలకి, కోత తర్వాతి ఖర్చులకి కలుపుతారు. అంటే కొంత డబ్బు ఇంటి అవసరానికి వాడుకునే వీలు ఆ కార్డులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకి 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రం ఉంది, దాన్నే సీసీఆర్‌సీ అంటారు. అసలు చిక్కు ఏంటంటే, దానికి భూమి యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే తన పొలం పోతుందేమోనని చాలామంది ఆసాములు భయపడతారు. ఆ పత్రం 11 నెలలకే, భూమి మీద హక్కు రాదు. ఈ మాట మీ ఆసామికి నెమ్మదిగా, మర్యాదగా చెప్పి చూడండి.

ఐదోది బంగారం. తక్కువ టైంలో, ఆదాయం కాగితాలు పెద్దగా అడగకుండా వచ్చేది ఇదే. ఆర్‌బీఐ 2025లో తెచ్చిన కొత్త నియమాల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం వరకు ఇవ్వొచ్చు. బాకీ మొత్తం కట్టాక 7 పని దినాల్లోగా వస్తువు తిరిగి ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు కట్టాలి. అమ్మ పుస్తెలతాడు కాబట్టి చెప్తున్నా, బరువు, క్యారెట్, రాళ్ల తరుగు, అన్నీ రాసిన రసీదు తీసుకుని ఫోటో తీసి పెట్టుకోండి. గడువు తేదీ మీ ఫోన్ క్యాలెండర్లో పెట్టండి. వేలం నోటీసు దాకా రానివ్వొద్దు.

ఆరోది మామూలు బ్యాంకు. జన్‌ధన్ ఖాతా ఆరు నెలలు సరిగ్గా నడిస్తే 10,000 వరకు ఓవర్‌డ్రాఫ్ట్ అడగొచ్చు, ఇంటికి ఒకరికే. చిన్న కొట్టో టైలరింగో ఉంటే అది పర్సనల్ లోన్ కాదు, ముద్ర లోన్. శిశు కింద 50 వేల వరకు ఇస్తారు. వడ్రంగి, కుమ్మరి, మంగలి లాంటి 18 వృత్తుల వాళ్లకి 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ కింద మొదటి విడత లక్ష వరకు 5 శాతానికే. ఇక్కడ మీరు చేయగలిగిన పని ఒకటుంది. పాల డబ్బులు, పంట డబ్బులు చేతికి కాకుండా ఖాతాలో పడేలా చూడండి. సాలరీ స్లిప్ లేని ఇంటికి ఆ పాస్‌బుక్కే సాలరీ స్లిప్. సిబిల్ లాంటి నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి. తీసి చూడండి, మీ పేరు మీద మీకు తెలియని అప్పు ఏదైనా ఉందేమో తెలుస్తుంది.

ఏడోది మైక్రోఫైనాన్స్. ఇంటికొచ్చి ఇస్తారు, వారం వారం వసూలు చేస్తారు. 2010లో మన రాష్ట్రంలో ఈ అప్పుల మీద ఎంత గొడవ జరిగిందో పెద్దవాళ్లని అడగండి, ప్రభుత్వం ఆర్డినెన్సే తెచ్చింది. ఇప్పుడు 2022 నుంచి ఆర్‌బీఐ నియమాలున్నాయి. ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకి రాకూడదు. ఒకటి తీర్చడానికి ఇంకొకటి తీసుకుంటున్నారంటే అక్కడే ఆగాలి.

ఇక లోన్ యాప్. పక్క ఊళ్లో నాకు తెలిసిన తమ్ముడు ఒకడున్నాడు, డిగ్రీ రెండో సంవత్సరం. వాళ్ల నాన్నకి ఒంట్లో బాలేకపోతే ఒక యాప్‌లో 5,000 తీసుకున్నాడు. చేతికొచ్చింది 3,500. మిగతాది ప్రాసెసింగ్ ఫీజంట. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. అంటే 3,500కి వారానికి 1,500. వారానికి దాదాపు 43 శాతం! మన ఊళ్లో ఐదు రూపాయల వడ్డీ వాడు ఏడాదికి అడిగేది 60 శాతం. అది తీర్చడానికి రెండో యాప్, రెండోది తీర్చడానికి మూడోది. నెలన్నర తిరిగేసరికి వాడి ఫోన్లో ఉన్న ప్రతి నంబర్‌కీ, వాళ్ల మేనత్తకి, కాలేజీ సార్‌కి కూడా "వీడు దొంగ" అని మెసేజ్‌లు వెళ్లాయి. వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదు. చివరికి వాళ్లమ్మే విషయం కనుక్కుని, గ్రూపులో అప్పు తీసుకుని ఇంట్లో బాకీలు సర్దింది. పోలీసు కంప్లయింట్ కూడా ఇప్పించింది. ఆ డబ్బు మొదటి రోజే అమ్మని అడిగితే దొరికేది. అడగడానికి సిగ్గుపడ్డాడు, అంతే.

2020 డిసెంబర్లో హైదరాబాద్‌లో ఈ యాప్‌ల వేధింపులకి ప్రాణాలు పోయాకే దేశమంతా దీని గురించి మాట్లాడింది. ఆ తర్వాత 2022లో ఆర్‌బీఐ నియమాలు వచ్చాయి. డబ్బు నేరుగా మీ ఖాతాలోనే పడాలి. మీ కాంటాక్ట్స్, గ్యాలరీ, కాల్ లిస్ట్ యాప్ చూడకూడదు. తీసుకున్నాక కనీసం ఒక రోజు లోపు వద్దనుకుంటే జరిమానా లేకుండా తిరిగి కట్టేయొచ్చు. ఆ రోజుల వడ్డీ మాత్రం పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు కొంత పట్టుకోవచ్చు. 2025 జూలై నుంచి ఏ యాప్ ఏ బ్యాంకుదో, ఏ ఫైనాన్స్ కంపెనీదో ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో లిస్టు పెట్టారు. ఆ లిస్టులో లేని యాప్, కాంటాక్ట్స్ అడిగే యాప్ వెంటనే డిలీట్ చేయండి.

చివరి తలుపు ఊరి వడ్డీ వ్యాపారి. రాత్రి పదింటికి వెళ్లినా ఇచ్చేది ఆయనే, ఆ మాట కాదనలేం. తప్పనిసరై వెళ్తే ఖాళీ ప్రోనోటు మీద నాన్న చేత సంతకం పెట్టనివ్వొద్దు. అంకెలు, అక్షరాలు, తేదీ, వడ్డీ అన్నీ రాశాకే సంతకం. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, ఖాళీ చెక్కులు ఇవ్వొద్దు. కట్టిన ప్రతిసారీ నోటు వెనకాల జమ రాయించండి. కుదిరితే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పంపండి, లెక్క మిగులుతుంది. తీరిపోయిన రోజు నోటు వెనక్కి తీసుకోండి. 50 వేల అప్పు ఎకరం పొలం దాకా ఎలా వెళ్తుందంటే, ఈ ఖాళీ కాగితాల వల్లే.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకి ఒక మాట. యాప్ వాళ్లు బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు తీసి 1930కి ఫోన్ చేయండి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ మీద అయితే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఎలా పెట్టాలో 14448కి ఫోన్ చేస్తే చెప్తారు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు. అప్పు ఉండటం నేరం కాదు, దాచుకోవాల్సిన పనేం లేదు.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో ఒక్క పని చేయండి. ఇంటి అప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఎవరికి, ఎంత, ఎన్ని రూపాయల వడ్డీ, ఏ కాగితం ఇచ్చాం. రూపాయల వడ్డీని 12తో గుణించి పక్కన శాతం రాయండి. అన్నిటికంటే పెద్ద అంకె దేనికుందో అదే ముందు తీర్చాలి. నాన్నకి ఈ లెక్క చూపించినప్పుడు కోప్పడినా పర్లేదు, పక్కన కూర్చుని చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో సిబిల్ స్కోర్ ఎలా చూసుకోవాలో, ఫోన్‌లో స్టెప్ బై స్టెప్ చూపిస్తాను. ఉంటాను మరి, నమస్తే.