బుగ్గనీరు, తూమునీరు
(దైవకరుణ, దైవన్యాయము, దైవస్వేచ్ఛలను గూర్చి కాశిబుగ్గలో చేసిన స్మారకోపన్యాసము)



ఏ ఉపాధ్యాయుని స్మృత్యర్థమై ఈ ఉపన్యాసనిధి ఏర్పడినదో ఆ పెద్దమనిషి, తన పేరు కరపత్రముమీదగాని శిలాఫలకముమీదగాని వ్రాయింపవలదని బిడ్డలకు చెప్పి మరీ కన్ను మూసెనట. కావున నేనును ఆయన పేరెత్తక, ఆదివారపు బైబిలు తరగతిలో ఆయన పదేపదే అడుగుచుండెడివాడని విన్న ప్రశ్ననే ఈ పూటకు విషయముగా తీసికొంటిని. దేవుడు న్యాయవంతుడైనచో అందరికిని ఒక్కటే కొలత పెట్టవలెను గదా. కరుణామయుడైనచో అసలు కొలతయే మానవలెను గదా. ఈ రెండును గాక, తల్లి కడుపులో నుండగనే యాకోబును కోరుకొని ఏశావును విడిచిన దేవుని మనమేమనవలెను? ఇది ఆ ఉపాధ్యాయుని ప్రశ్న.

బుగ్గ యనగా నేమో ఈ పేటవారికి నేను చెప్పనక్కరలేదు. చెరువునకు కట్ట కావలెను, కట్టకు తూము కావలెను, తూమునకు నీరటికాడు కావలెను. ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో, ఆయకట్టు చివరనున్నవాని వంతు ఎప్పుడు వచ్చునో ఊరంతయు నెరుగును, వంతు తప్పినచో పంచాయతి కూడును. కాకతీయుల నాటినుండి పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల క్రింద సేద్యము చేసిన ఈ సీమవారు న్యాయమనగా నేమో తూము దగ్గరనే నేర్చినారు. బుగ్గ సంగతి వేరు. దానిని ఎవ్వరును త్రవ్వలేదు, ఎవ్వరును కట్టలేదు. ఇక్కడనే యేల ఉబికితివి, ప్రక్క యూర నేల ఉబుకవైతివని దానిని నిలదీయుటకు వీలులేదు. అయినను, ఉబికిన పిమ్మట అది మావారి సొత్తని చుట్టును కంచె నాటినవాడు దొంగ యగునేగాని బుగ్గకు యజమానుడు కానేరడు. నా మాటలన్నియు ఈ రెండు నీళ్ల నడుమనే తిరుగును.

మొదట మాటల సంగతి. కృప, కనికరము, నీతి, న్యాయము అను పదములు తెలుగు బైబిలు చదువరుల నోట అరిగిపోయిన నాణెములవంటివి. హెబ్రీభాషలో కనికరమును తెలుపు ‘రహమీము’ అను పదము, గర్భాశయమునకు పేరైన ‘రెహెము’ అను పదముతో ఒక్క ధాతువునకు చెందినది. పాశ్చాత్య వ్యాఖ్యాతలు దీనిని విడమరచుటకు పుటలు నింపిరి. మన ముసలమ్మలు ‘కడుపుతీపి’ యని ఒక్కమాటలో ముగింతురు. ఇక నీతియన్నచో, ప్రవక్తల భాషలో అది నేరమునకు శిక్ష తూచు త్రాసు మాత్రమే కాదు; విధవరాలికి, తండ్రిలేని బిడ్డకు, పరదేశికి పోయిన వంతును తిరిగి యిప్పించుట కూడ నీతియే. కాబట్టి కరుణయు న్యాయమును ఒకదానినొకటి పొడుచుకొను రెండు కోడెలని తలచి, దేవుడు దేని పగ్గము బిగించును, దేనిని వదలునని విచారించుట మూలగ్రంథమునకు అంతగా పొసగని విచారము. పదుమూడవ శతాబ్దమున అక్వినాసు తోమా ఒక చక్కని ఉపమానము చెప్పెను. నూరు రూకలు బాకీయున్నవాడు తన సొంత సొమ్ములోనుండి రెండువందలు ఇచ్చినచో న్యాయము తప్పినవాడు కాడు, న్యాయమును దాటి ఔదార్యము చూపినవాడగును. ఇంతవరకు చిక్కులేదు. ఒకనికి రెండువందలు ముట్టగా ప్రక్కవానికి నూరే ముట్టినపుడు చిక్కు మొదలగును.

ఎవనిని కరుణింపవలెనో వానినే కరుణింతునని దేవుడు మోషేతో పలికిన మాటను రోమా పత్రిక తొమ్మిదవ అధ్యాయమున పౌలు తీసికొని, ఏశావును, ఫరోను, కుమ్మరి చేతి మంటిని వరుసగా మన యెదుట నిలుపును. ఆ మాట పుట్టిన చోటును మాత్రము మనలో పలువురు మరతురు. నిర్గమకాండమున అది వినబడునది బంగారు దూడకు మ్రొక్కిన పిమ్మట, న్యాయప్రకారము నశింపవలసిన జనమునకు మరల బ్రదుకు దొరకిన సందర్భమున. అనగా దైవస్వేచ్ఛను ప్రకటించిన ఆ వాక్యము మొట్టమొదట క్షమకు తలుపు తెరచిన వాక్యమే. కొందరిని త్రోసివేయుటకు దానిని దుడ్డుకర్రగా వాడువారు దాని పుట్టినింటిని చూడలేదనవలెను. ఫరో హృదయమును దేవుడు కఠినపరచెనని చెప్పు ఆ గ్రంథమే, ఫరో తన హృదయమును తానే కఠినపరచుకొనెనని కూడ చెప్పును. రెండును చెప్పి, ముడి విప్పక ఊరకుండును. ఆ మౌనమును వ్యాఖ్యాతలు సహింపలేకపోయిరి.

అగస్టీను, పెలాజియసుల నాటినుండి కాల్విను దాక, 1618–19 నాటి డోర్టు మహాసభ దాక, ఆ పైన వెస్లీ దాక సాగిన వాదప్రతివాదముల నిచట వల్లింపను. సృష్టికి మునుపే దేవుడు కొందరిని పరలోకమునకును కొందరిని నరకమునకును పేర్లు వ్రాసి పెట్టెనను ద్వివిధ నిర్ణయవాదము, తర్కమున ఎంత గట్టిదైనను, శిలువమీద చేతులు చాచిన వాని ముఖమునకు పోలికలేని దేవుని చూపునని మాత్రము నా అభిప్రాయము. ఇరువదవ శతాబ్దమున కార్లు బార్తు ఈ వాదమును తలక్రిందులు చేసి, ఎన్నుకొనబడినవాడును, త్రోసివేయబడినవాడును క్రీస్తే యని, ఆయనలోనే మిగిలినవారి ఎన్నిక యని వ్రాసెను. అది ఆ వాదమునకు కొంత ఊపిరి పోసినది.

ఈ తగవు మనకు క్రొత్తది కాదు. శ్రీవైష్ణవులలో తెంగలై, వడగలై సంప్రదాయములు చీలినది ఇంచుమించు ఈ ప్రశ్నమీదనే. తల్లిపిల్లి తన కూనను నోట కరచుకొని పోవునట్లు భగవంతుడే జీవుని కొనిపోవునని, ఆ కృప నిర్హేతుకమని పిళ్లై లోకాచార్యుల వారు. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకొనునట్లు జీవునివైపునుండియు ఏదో యొక వ్యాజము, ఎంత చిన్నదైనను, ఉండవలెనని వేదాంత దేశికుల వారు. మార్జాల కిశోరమా, మర్కట కిశోరమా యని మన పండితులు శతాబ్దములు వాదించిరి. ఈ సీమవాడేయైన బమ్మెర పోతన గజేంద్రుని కథ చెప్పినపుడు ఏ పక్షమునకు ఓటు వేసెనని నన్నడిగినచో, ఏనుగు తన బలమంతయు ఉడిగిన పిమ్మటనే మొరపెట్టినదన్న సంగతి మరువవద్దని మాత్రము జవాబిత్తును.

ఇక నేను ప్రధానముగా చెప్పదలచిన దృష్టాంతమునకు వత్తును. అది కాల్విను జెనీవాలో గాక మన ఒంగోలులో జరిగినది.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర, పూర్వాశ్రమమున భూములు కొలిచిన సర్వేయరు. ఆయన బడికిని బోధకును పట్టణపు అగ్రవర్ణులు కొందరు దగ్గర కాసాగిరి. వారు వచ్చినచో మిగిలిన ఊరు తానే వచ్చునని నాటి మిషన్ల లెక్క. సరిగా ఆ సమయముననే యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ, తోళ్ల వర్తకుడు, రాజయోగము సాధించినవాడు, తనవారిని వెంటబెట్టుకొని వచ్చెను. వీరిని చేర్చుకొన్నచో మేము గడప త్రొక్కమని పెద్దకులములవారు స్పష్టముగా చెప్పిరి. దొరకు దిక్కు తోచలేదు. ఒకనాడు ఆయన బైబిలు తెరవగా కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయపు చివరిభాగము, లోకమున నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగము, కంటబడెను. వేరొక గదిలో ఆయన భార్య హేరియట్ తెరచిన పుటయు అదియేనని ఆ దంపతులు పిమ్మట తెలిసికొనిరి. కాకతాళీయమనువారు అనవచ్చును. ఏదియైననేమి, వారు మాదిగలను చేర్చుకొనిరి, పెద్దకులములవారు వెడలిపోయిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడెను.

పిమ్మట 1876–78 నాటి మహాక్షామము. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో సుమారు మూడు మైళ్ల కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి యిప్పించెను. ఆ కాలమంతయు బాప్తిస్మము అడిగినవారి నెల్ల ఆపియుంచెను. గంజికొరకు వచ్చిరన్న అపవాదు వారికి తగులరాదని ఆయన పట్టు. సుమారు పదునైదు నెలలు గడచిన పిమ్మట, మాకు సొమ్ము వలదు, సంఘములో చేర్చుకొన్న చాలునని గుండ్లకమ్మ యొడ్డున జనము కూడిరి. 1878 జూలై 3వ తేదీన, ఒక్కనాడు, 2222 మందికి ఆ నదిలో బాప్తిస్మమాయెను. ఇచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని.

ఆ సంఖ్యను చూచి మురియుట నా ఉద్దేశము కాదు. ఊరిబావిలో చేద వేయుటకు వీలులేని చేతులవి. నీ పూర్వజన్మ కర్మఫలమే నీకు ఈ జన్మ యని, అనగా నీకు జరిగినది న్యాయమే యని, వారికి తరతరములుగా నూరిపోసిరి. తూమునీటి శాస్త్రమంతయు వారికి వ్యతిరేకముగానే వ్రాయబడియుండెను. అట్టివారి చెవిని, దేవుడు ఎవరి లెక్కపుస్తకమునకును లోబడడు, తన యిష్టమువచ్చినవారిని ఎన్నుకొనును అన్న మాట ఎట్లు పడియుండునో యోచింపుడు. కోటలోనున్నవానికి ఆ మాట గర్వకారణము కావచ్చును, తార్కికునికి తలనొప్పి కావచ్చును; ఊరివెలుపల నిలిచినవానికి మాత్రము తన తలవ్రాత వ్రాసినవారి చేతిలోనుండి కలము లాగుకొన్నంత పని అది. దైవస్వేచ్ఛ యను సిద్ధాంతమునకు తెలుగుదేశము వ్రాసిన వ్యాఖ్యానము ఇదియేనని నా మతము. దీనిని ఏ వేదాంతవిద్యాలయమును వ్రాయలేదు, తోలుకుట్టు చేతులు వ్రాసినవి.

ద్రాక్షతోట కూలీల ఉపమానము చెప్పి ఈ భాగము ముగింతును. వరంగల్లు కూడళ్లలో తెల్లవారకముందే కూలి అడ్డాలు మీరు చూచియుందురు. మేస్త్రీ వచ్చి మొదట కండగలవారిని ఏరుకొని పోవును. పొద్దెక్కినకొలది మిగులువారు ముసలివారు, కుంటివారు, చంటిబిడ్డ తల్లులు. క్రీస్తు చెప్పిన కథలో యజమానుడు పొద్దు గ్రుంకబోవు వేళ కూడ అడ్డాకు పోయి, ఇంకను నిలిచియున్నవారిని ఏల నిలిచితిరని యడుగగా, మమ్ము ఎవరును పిలువలేదని వారందురు. గంట పనికిని పగలంతటి పనికిని అతడు ఒక్కటే దేనారము చేత పెట్టెను. పొద్దున వచ్చినవాడు సణిగెను. అయితే దేనారమనగా ఒక కుటుంబపు ఆనాటి బియ్యము. గంట పనిచేసినవాని పిల్లలకు పండ్రెండవవంతు ఆకలి వేయదు గదా! గడియారముతో కొలిచిన న్యాయము ఒకటి, కడుపుతో కొలిచిన న్యాయము మరియొకటి. యజమానుని స్వేచ్ఛ ఇందులో రెండవ కొలతను ఎన్నుకొనుటలో నున్నది. నీనెవె బ్రదికినందుకు అలిగి కూర్చుండిన యోనాది కూడ ఈ సణుగుడే. ఆ నగరపు పసివాండ్రను మాత్రమే గాక పశువులను కూడ లెక్కకు తెచ్చి దేవుడడిగిన ప్రశ్నతో ఆ గ్రంథము ఆగిపోవును. యోనా జవాబు మనకు దొరకదు.

ఒంగోలు తరువాత ఆ బాప్టిస్టు మిషను 1879లో మన హనుమకొండకు వచ్చినది. దక్షిణముగ దోర్నకల్లులో, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య, మాల మాదిగ పల్లెల నడుమ మూడు దశాబ్దములకు పైగా పాటుపడెను. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని ఆయన వాదించినది ఊరకే కాదు. ఎన్నికైన జనము తన చుట్టు తాను కట్ట పోసికొనుట ఆయనకు గిట్టలేదు.

కాని కంచెలు లేచినవి. నా చిన్ననాట ఒక గ్రామములో చూచిన గుడిని ఇప్పటికిని మరువలేను. ఊరి పేరు చెప్పను. ప్రభురాత్రి భోజనమునకు ఒక కులమువారు లేచి ముగించిన పిమ్మటగాని రెండవ కులమువారు లేవరు. పాత్ర ఒక్కటే, వరుసలు రెండు. మాలలు ఒకవైపు, మాదిగలు ఒకవైపు, రెడ్డి కథోలికులు మరియొకవైపు అను తెలుగు క్రైస్తవ దృశ్యమును చూచినవారికి నేనేమి చెప్పుచున్నానో తెలియును. బయటివారి కంచె మరియొకటి కలదు. రాజ్యాంగ (షెడ్యూల్డు కులముల) ఉత్తర్వు, 1950, మూడవ పేరా ప్రకారము మతము మారిన మాదిగ ఆ జాబితానుండి తొలగును. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ తలుపు తెరచిరి, క్రైస్తవునికిని మహమ్మదీయునికిని తెరువలేదు. మన రాష్ట్రములలో అతడు బి.సి.-సి. వర్గమున చేరి ఒక్క శాతపు రిజర్వేషనులో వంతు వెదకుకొనుచున్నాడు. గుండ్లకమ్మలో మునిగి లేచినంతనే ఊరు అతనిని అంటుకొనసాగెనని నమ్మువారుమాత్రమే దీనిని న్యాయమనగలరు. దేవుని కరుణ ఉచితము గనుక మనుష్యుల న్యాయముతో మనకు పనిలేదని పలుకు బోధకులు మనలో లేకపోలేదు. బుగ్గ యున్నదిగదా యని తూమును పూడ్చుకొన్న ఊరిని నేనెక్కడను చూడలేదు.

కడపటి మాట. తొమ్మిదవ అధ్యాయపు కుమ్మరిని చూపి శ్రోతలను హడలగొట్టుట మన ప్రసంగపీఠములకు అలవాటైనది. ఆ అధ్యాయము పౌలు కన్నీటితో మొదలగునని, తనవారి కొరకు తాను శాపగ్రస్తుడైనను సరేయని అతడు పలికెనని, పదునొకండవ అధ్యాయమున అందరిని కరుణించుటకే దేవుడు అందరిని అవిధేయతలో మూసివేసెనను మాటకు వాదమంతయు చేరునని చెప్పువారు అరుదు. మీ సంఘములలో తొమ్మిదవ అధ్యాయము చదువబడిన నాడు, పదునొకండవది ముగియువరకు పుస్తకము మూయనీయవలదని మిమ్ము వేడుకొనుచున్నాను.