పట్నం మ్యాపులో మన కొండూరు ఏ రంగు?

కొండలు దిగి అనకాపల్లి దాకా వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, మనతో నిలబడుతున్న మిత్రులకీ వందనాలు.

ఈ ఊరు బెల్లానికి పేరు. ఇప్పుడు హైవే పొడవునా చూడండి: చెరకు పండిన చేలల్లో హద్దురాళ్లు, వెంచర్ల బోర్డులు. అటు అచ్యుతాపురం సెజ్. 2013లో ఈ మున్సిపాలిటీని విశాఖ కార్పొరేషన్‌లో కలిపారు. పట్నం మన వైపే నడిచొస్తోంది.

"అభివృద్ధి చెందిన దేశాల్లోనూ ఇంతే" అంటారు. నిజంగా ఇంతేనా?

బ్రిటన్‌లో 1947లో ఒక చట్టం చేశారు. భూమి నీదే అయినా దాని వాడకం మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. లండన్ ఇష్టమొచ్చినట్టు పెరక్కుండా చుట్టూ పచ్చని పట్టీ ఉంచారు. మన దగ్గర ముందు లేఅవుట్ పడుతుంది, ఆఖర్న రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరణ చేస్తారు.

ఇంకో తేడా ఊరి అంచుల్లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో స్తోమత ఉన్న తెల్లవాళ్లు శివార్లకు వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు, నల్లవాళ్లను అక్కడికి రానివ్వలేదు. మన నగరాల్లో శివార్లకు నెట్టేది పేదల్ని. ఆ శివారు ఇంకా జరిగితే తగిలేది మన ఊళ్లే.

అంటే అక్కడ ఆదివాసులకు న్యాయం జరిగిందనా? లేదు. కెనడాలోని వాంకూవర్ నగరంలో స్క్వామిష్ ప్రజల ఊరిని 1913లో ఖాళీ చేయించి ఇళ్లు తగలబెట్టారు. వాళ్లు వదల్లేదు. కోర్టుల్లో ఏళ్ల తరబడి కొట్లాడి అందులో పదిన్నర ఎకరాలు వెనక్కి తెచ్చుకున్నారు. అక్కడ ఏం కట్టాలో 2019లో వాళ్లే ఓటేసి తేల్చుకున్నారు: 11 టవర్లు, దాదాపు 6,000 ఇళ్లు. నగరం జోనింగ్ రూల్సు ఆ భూమికి వర్తించవు. టవర్లు మనకి కావాలా వద్దా అన్నది వేరే మాట. తేల్చుకున్నది ఎవరో చూడండి.

మన సంగతికొద్దాం. రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం, మాడుగుల మండలాల్లో మన కొండూళ్లు షెడ్యూల్డ్ ఏరియాకి బయట ఉండిపోయాయి. పాడేరులో మన భూమిని కాసే 1/70 చట్టం ఇక్కడ లేదు. అందుకే రియల్ ఎస్టేట్ కన్ను ఇటు పడుతోంది.

కానీ 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడా వర్తిస్తుంది. 2005 డిసెంబర్ 13 నాటికి మన సాగులో ఉన్న అటవీ భూమికి గ్రామసభ ద్వారా హక్కు అడగొచ్చు. ఆ పట్టా ఎవరూ అమ్మలేరు, కొనలేరు.

కాబట్టి మూడు పనులు. అటవీ హక్కు క్లెయిములు పెట్టని ఊళ్లలో ఈ నెలే గ్రామసభ అడగండి. మాస్టర్ ప్లాన్ మ్యాపు తెచ్చి మన సర్వే నంబర్లు ఏ రంగులో ఉన్నాయో చూడండి, తప్పుంటే గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. మన ఊళ్లను షెడ్యూల్డ్ ఏరియాలో కలపాలనే డిమాండ్‌ని వదలొద్దు.

చదువుకున్న మీరు మ్యాపు చదవకపోతే, బుల్డోజరు వచ్చేదాకా ఊరికి తెలీదు.

జోహార్! జై ఆదివాసీ!