లైసెన్సు పరీక్షలో లెక్కల మాటలు

కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్ లైసెన్సు పరీక్ష రాద్దామనుకునేవాళ్ల కోసం ఆదివారం కాల్‌లో నేను మాట్లాడింది గ్రూపులో రాసి పెట్టమన్నారు. నేను చదివింది పదో తరగతి, అదీ తెలుగు మీడియం. కాబట్టి సైటు మీద మనం మాట్లాడుకునే భాషలోనే చెప్తా.

పరీక్షలు మామూలుగా రెండుంటయి. ఒకటి మన పనిది. టైల్ వాళ్లకు టైల్, పెయింటింగ్ వాళ్లకు పెయింటింగ్. దానికి మనోళ్లు భయపడరు. గత పదేళ్లలో నాలుగేళ్లు పూర్తి పనిమంతుడిగానో, ఫోర్‌మన్‌గానో చేసిన అనుభవం ఉంటేనే ఈ లైసెన్సుకు అర్హత. రెండోది ‘లా అండ్ బిజినెస్’. చేతినిండా పనితనం ఉన్నోళ్లు కూడా ఆగిపోయేది ఇక్కడనే. లయబిలిటీ, ఈక్విటీ, డిప్రీసియేషన్ అని చూడగానే పుస్తకం మూసేస్తరు.

మూయకండి. పాలమూరు గుంపు మేస్త్రీ దగ్గర పని చేసినోడికి ఇందులో సగం తెలుసు. గుత్తకు ఒప్పుకుంటే అది లంప్‌సమ్. మేస్త్రీ రోజూ రాసే చిట్టా, దాని నుంచి ఎక్కించే ఆవర్జా, అదే లెడ్జర్. నీ దగ్గరున్న ట్రక్కు, మిషన్లు అసెట్. వాటి మీద కట్టాల్సిన అప్పు లయబిలిటీ. అప్పు పోను నీకు మిగిలేది ఈక్విటీ. ట్రక్కు విలువ ఏటేటా తరిగిపోతది చూడు, ఆ తరుగే డిప్రీసియేషన్.

తెలియని మాటతో అంత ప్రమాదం లేదు. తెలుసు అనుకున్న మాటే ముంచుతది.

మార్కప్, మార్జిన్ తీసుకోండి. రెండూ లాభమే కదా అంటరు. ఒక పనికి ఖర్చు 10,000 డాలర్లు. దాని మీద 20 శాతం మార్కప్ వేస్తే 12,000 చెప్తవు. మిగిలేది 2,000. మార్జిన్‌ను మాత్రం నువ్వు చెప్పిన ధర మీద లెక్క కడతరు. 2,000ను 12,000తో భాగిస్తే 16.67 శాతమే. నిజంగా 20 శాతం మార్జిన్ కావాలంటే 12,500 చెప్పాలి. ఆ 500 తేడా పరీక్షలో ఒక్క మార్కు, బయట నీ ట్రక్కు కిస్తీ.

బాండ్ కూడా అంతే. ఊర్లో బాండ్ అంటే అప్పు కాగితం. ఇక్కడ లైసెన్సుకు కావాల్సిన బాండ్ అంటే జమానతు. 2023 జనవరి 1 నుంచి అది 25,000 డాలర్లు. అంత డబ్బు చేతిలో ఉండాలని భయపడకండి, బాండ్ కంపెనీకి ప్రీమియం కడితే చాలు. అయితే ఇది నీకు ఇన్సూరెన్స్ కాదు. నీ తప్పుకు ఆ కంపెనీ కస్టమర్‌కు డబ్బు కడితే, మళ్లీ నీ దగ్గరే వసూలు చేస్తది.

అడ్వాన్స్ సంగతి. సగం ముందు తీసుకోవడం మనకు అలవాటు. ఇక్కడ ఇంటి రిపేరు పనులకు డౌన్ పేమెంట్ 10 శాతం లేదా 1,000 డాలర్లు, ‘విచ్‌ఎవర్ ఈజ్ లెస్’. అంటే రెండింట్లో ఏది తక్కువైతే అది. 30,000 పనికి 10 శాతం 3,000 అవుతది, కానీ జవాబు 1,000. ప్రశ్నలో ‘లెస్’ ఉందా ‘గ్రేటర్’ ఉందా అని వేలు పెట్టి చదవండి.

ఇంత తిప్పలెందుకు, లైసెన్సు లేకుండానే చిన్న చిన్న పనులు చేసుకుందాం అని తమ్ముళ్లు కొందరు అడిగిన్రు. పర్మిట్ అక్కర్లేకుండా, మనిషిని పెట్టుకోకుండా, కూలి, సామాను కలిపి 1,000 డాలర్ల లోపు పనైతే లైసెన్సు లేకున్నా చెయ్యొచ్చు. 2025కు ముందు అది 500 ఉండె. అది దాటి లైసెన్సు లేకుండా ఒప్పుకుంటే, పని అద్దంలా చేసినా సరే, కస్టమర్ డబ్బు ఎగ్గొడితే కోర్టులో వసూలు చేసుకోలేవు. పైగా ఇచ్చింది కూడా వాపస్ ఇమ్మని నీ మీదనే కేసు వెయ్యొచ్చు. ఒకాయన బాత్రూం పనికి నెల రోజులు చెమటోడ్చి ఇట్లనే ఖాళీ చేతులతో మిగిలిండు. ఇది కాంట్రాక్టరుగా ఒప్పుకున్నోళ్ల సంగతి. ఒకరి కింద జీతానికి చేసే కూలీకి జీతం హక్కు ఎటూ పోదు.

కూలి చేసేవాళ్లకు ఇంకో మాట, లీన్. మెకానిక్స్ లీన్ అంటే బండి మెకానిక్కు అనుకోవద్దు. పని చేసినోడికి డబ్బు రాకపోతే ఆ బిల్డింగు మీదనే హక్కు నమోదు చేసుకోవడం. 1879 నుంచే ఇది కాలిఫోర్నియా రాజ్యాంగంలో ఉంది. సబ్ కాంట్రాక్టరు, సామాను ఇచ్చేవాళ్లు మొదలుపెట్టిన 20 రోజుల్లోపు ప్రిలిమినరీ నోటీసు ఇవ్వాలి. రోజు కూలీకి ఆ నోటీసు అక్కర్లేదు. నోటీసు మినహాయింపే గానీ, లీన్ రికార్డు చేసే గడువు అందరికీ ఉంటది.

పుస్తకం కొనక్కర్లేదు. లైసెన్సు బోర్డు వెబ్‌సైట్లో స్టడీ గైడు ఫ్రీగా ఉంది. లైసెన్సు వచ్చినా ఇక్కడ పని చేసే హక్కు వీసాను బట్టే ఉంటది, ఆ రెండూ కలపకండి.

వచ్చే ఆదివారం డబ్ల్యూ-2, 1099 తేడా చూద్దాం. అందరూ మీ పే స్టబ్ ఒకటి దగ్గర పెట్టుకోండి. సోషల్ సెక్యూరిటీ 6.2, మెడికేర్ 1.45 శాతం కట్ అయితున్నయా, అసలు కటింగే లేదా, ముందే చూసి ఉంచండి.