పాల సైకిలుకు డైనమో, లైట్లు: ఏది కొనాలి?

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి తరగతుల్లో మేము మామూలుగా వెన్న శాతం గురించో, దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో మాట్లాడుతుంటాము. ఈరోజు సైకిలు లైటు గురించి చెప్తామంటే వెనుక వరుసలో ఒకరిద్దరు నవ్వారు. నవ్వండి, ఫరవాలేదు. కాని ఒక్క సంగతి ఆలోచించండి. హైదరాబాదు ప్రాంతంలో జనవరి నెలలో సూర్యుడు పైకి వచ్చేసరికి దాదాపు 6-45 అవుతుంది. మన కేంద్రాల్లో పాలు పోసే వేళ అప్పటికి సగం గడిచిపోయి ఉంటుంది. నవంబరు నెలాఖరులో సాయంత్రం 5-40కే పొద్దు గుంకుతుంది. అంటే చలికాలమంతా మన సభ్యులు రెండు పూటలా చీకట్లోనే రోడ్డు మీద ఉంటున్నారు.

చాలామంది మోటారు సైకిళ్ళ మీదికి మారారు, నిజమే. అయినా ఒకటి రెండు పశువులున్నవారు, పక్క గూడెం నుండి నలుగురి పాలూ కలిపి తెచ్చేవారు ఇప్పటికీ సైకిలు మీదే వస్తున్నారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వస్తుంది. డ్రైవరు మీ సైకిలును 35 మీటర్ల దూరంలో చూశాడనుకోండి, ఆయనకు మిగిలింది రెండు సెకన్లు. మంచు పడిన రోజున అదీ ఉండదు. మనిషి బతికి బయటపడి పాలు మాత్రం నేలపాలైతే అదృష్టమే అనుకోవాలి. పాలబిల్లు వచ్చే వారం వస్తుంది, కాలు విరిగితే పాడి పని చూసేది ఎవరు?

మా ఫీల్డు సిబ్బంది కేంద్రాల దగ్గర నిలబడి చూసినప్పుడు ఎక్కువగా కనిపించేది జేబులో పెట్టిన సెల్‌ఫోను టార్చి. కొందరు టార్చిలైటు ఒక చేత్తో పట్టుకొని, ఒంటి చేత్తో హ్యాండిలు తిప్పుతూ వస్తారు. నలభై లీటర్ల పాలంటే 41 కిలోల పైమాటే, క్యాన్ల బరువు వేరు. ఆ బరువుతో ఒంటి చేత్తో బ్రేకు వేస్తే సైకిలు ఎటు ఒరుగుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. పైగా ఇవన్నీ ముందు దారి చూసుకోవడానికే. వెనుక నుండి వచ్చేవాడికి మీరు కనబడే మార్గం ఒక్కటీ లేదు.

ఇక డైనమో మాట. మీలో పెద్దవారికి సీసా ఆకారపు డైనమో బాగా తెలుసు. టైరు పక్కకు ఒరిగించి నొక్కితే దాని తల టైరుతో పాటు తిరిగి కరెంటు పుట్టిస్తుంది. దాని లెక్క 6 వోల్టులు, 3 వాట్లు. ముందు బల్బు 2.4 వాట్లు, వెనుక బల్బు 0.6 వాటు, రెండూ కలిపితే మూడు. ధర తక్కువ, ఏ సైకిలుకైనా పడుతుంది, ఊళ్ళో మెకానిక్కుకు బిగించడం తెలుసు. ఇవీ దాని సుగుణాలు.

ఇబ్బందులు కూడా మీకు తెలిసినవే. వానలో, బురదలో తల జారుతుంది, సరిగ్గా వెలుతురు కావలసినప్పుడే వెలుతురు పోతుంది. టైరు పక్క అరుగుతుంది. తొక్కడం బరువవుతుంది. సాఫీగా తొక్కే మనిషి కాళ్ళ నుండి వచ్చే శక్తి సుమారు 75 వాట్లు అనుకుంటే, అందులో ఏడెనిమిది వాట్లు, బిగింపు సరిగా లేకపోతే అంతకంటే ఎక్కువ, ఈ సీసాయే తినేస్తుంది. అందుకే లైటు ఉండి కూడా వేసుకోనివారు ఎందరో.

బిగింపు గురించి ఒక మాట, ఎందుకంటే సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి. డైనమో ఇరుసు గుండా ఒక దారం లాగి పట్టుకుంటే ఆ దారం చక్రం ఇరుసు మధ్యకు పోవాలి. అలా పోకపోతే తల టైరు మీద దొర్లకుండా రాసుకుంటుంది, కీచుమంటుంది, టైరును కొరుకుతుంది. వెనుక చక్రానికి పెడదామంటే మన క్యాన్లు అడ్డం. ముందు ఫోర్కుకు పెడితే క్లిప్పు నట్టు వారానికొకసారి బిగించి చూడాలి. అది వదులై డైనమో పుల్లల్లో పడితే ముందు చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది, మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు.

రెండవ రకం హబ్బు డైనమో. ఇందులో రాపిడి తల ఉండదు. ముందు చక్రం హబ్బు లోపలే అయస్కాంతాల వలయం ఒకటి, దాని మధ్య కదలని తీగచుట్ట ఒకటి ఉంటాయి. చక్రం తిరిగితే అయస్కాంతాలు తిరుగుతాయి, తీగలో కరెంటు పుడుతుంది. వానకు జారేది లేదు, టైరును తాకేది లేదు, చప్పుడు లేదు. ఇది కొత్త వింత అనుకోకండి. ఇంగ్లండులో నాటింగ్‌హాం ఊరి స్టర్మీ-ఆర్చర్ కంపెనీవారు ‘డైనోహబ్’ అనే పేరుతో దీనిని 1936లోనే బజారుకు తెచ్చారు, 1984లో తయారీ ఆపివేశారు. ఆ తరువాత జర్మనీలో ష్మిట్, జపానులో షిమానో కంపెనీలు మంచి హబ్బులు చేశాయి. స్టర్మీ-ఆర్చర్ పేరును 2000లో తైవాను కంపెనీ సన్‌రేస్ కొన్నది, ఆ పేరుతోనూ మళ్ళీ డైనమో హబ్బులు వచ్చాయి. జర్మనీలో సైకిలుకు 6 వోల్టుల 3 వాట్ల డైనమో ఉండి తీరాలని చాలాకాలం చట్టమే ఉండేది, 2013లో బ్యాటరీ లైట్లకూ అనుమతి ఇచ్చారు. మన హబ్బులు, లైట్లు చాలావరకు ఆ కొలతకే తయారవుతున్నాయి గనుక ఒక కంపెనీ హబ్బుకు మరొక కంపెనీ లైటు తగిలించవచ్చు.

మంచి హబ్బు లైటు వేసినప్పుడు ఐదారు వాట్లు, ఆర్పినప్పుడు ఒకటి రెండు వాట్లు మాత్రమే కాళ్ళ నుండి తీసుకుంటుంది. వేసినదీ ఆర్పినదీ తొక్కేవారికి తేడా తెలియదు. ఇదే అసలు లాభం అని మా అభిప్రాయం. బరువు అనిపించని లైటును ఎవరూ ఆర్పుకోరు.

అయితే అందరూ పోయి హబ్బు కొనండని మేము చెప్పబోవడం లేదు. మన పెద్ద సైకిళ్ళకు అది అమర్చడంలో చిక్కులున్నాయి. మన సైకిలు ముందు రిమ్ముకు సాధారణంగా 32 రంధ్రాలు, వెనుక దానికి 40 ఉంటాయి. బజారులో దొరికే హబ్బుల్లో 36 రంధ్రాలవి చాలా ఉంటాయి, తెలియక తెస్తే రిమ్ము కూడా మార్చాలి. ఇరుసు బిగించే చోట కొత్త హబ్బు వెడల్పు 100 మిల్లీమీటర్లు, మన పాత ఫోర్కుల్లో చాలావాటికి అంత ఎడం ఉండదు. ఇరుసు కూడా లావు, ఫోర్కు గాడిని ఆకురాయితో అరగదీయవలసి వస్తుంది. ఇవి కొలిచిన తరువాతే డబ్బు తీయండి. పుల్లలు కొత్తగా కొలత చూసి వేయాలి, చక్రం కట్టడం బాగా వచ్చిన మెకానిక్కు చేతనే కట్టించాలి. ఊరి బజారులో దొరికే సరుకు కాదు, పట్నం నుండి తెప్పించుకోవాలి. ధర సీసా డైనమోకు ఎన్నో రెట్లు. ఒక ఊరటేమిటంటే, మన పంక్చరు షాపువాడు చక్రం ఊడదీయకుండానే ట్యూబు లాగి అతుకు వేస్తాడు గనుక తీగలు విప్పే పని తరచు రాదు.

కనుక మా సలహా ఇది. రోజూ రెండు పూటలా ఐదారు కిలోమీటర్లకు మించి, అందులోనూ లారీలు తిరిగే రోడ్డు మీద, నలుగురి పాలు మోసుకువచ్చేవారికి హబ్బు డైనమో పెట్టిన ఖర్చుకు తగినదే. ఊళ్ళోనే అర కిలోమీటరు వచ్చేవారికి అది దండుగ. వారికి ఛార్జి చేసుకునే బ్యాటరీ లైటు చాలు, అది కూడా వెనుకది ముందు కొనండి. మధ్యవారికి సీసా డైనమో, దానికి ఎల్.ఇ.డి. లైటు. బ్యాటరీ లైటుకు రెండు జబ్బులున్నాయి. రాత్రి ఛార్జింగు పెట్టడం మరచిపోతాము, కేంద్రం దగ్గర క్యూలో నిలబడ్డప్పుడు ఎవరో ఊడబెరుక్కుపోతారు. నట్లు వేసి బిగించిన డైనమో లైటుకు ఈ రెండు భయాలూ తక్కువ.

లైటు విషయంలో మాత్రం మాకు సందేహం లేదు, పాత పిలక బల్బు వద్దు. బరువుతో మన సైకిలు గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లే పోతుంది. ఆ వేగంలో బల్బు ఎర్రగా మిణుకుమంటుంది. అదే కరెంటుకు ఎల్.ఇ.డి. లైటు తెల్లగా దారి చూపిస్తుంది. ఇంకొక గొడవ కూడా తప్పుతుంది. డైనమో తీగచుట్ట తనకు తానే కరెంటును అర ఆంపియరు దగ్గర ఆపుతుంది, ఎంత వేగంగా తొక్కినా అంతకు మించి పెద్దగా పెరగదు. ఆ అర ఆంపియరూ రెండు బల్బులూ పంచుకుంటాయి. వెనుక బల్బు మాడిపోతే దాని వాటా కూడా ముందు బల్బు మీదే పడుతుంది, కాస్త వేగం పెంచగానే అదీ మాడుతుంది. ‘నిన్న వెనుకది పోయింది, ఇవాళ ముందుది పోయింది, సరుకే నాసి’ అని షాపువాడిని తిట్టినవారిలో చాలామందికి జరిగింది ఇదే. డైనమో కోసం చేసిన ఎల్.ఇ.డి. లైటులో దీనిని అదుపు చేసే ఏర్పాటు లోపలే ఉంటుంది.

డైనమో కోసం చేసినదే కొనాలి సుమా. డైనమో ఇచ్చేది ఏ.సి. కరెంటు. మోటారు సైకిలుదో, టార్చిదో ఎల్.ఇ.డి. తెచ్చి నేరుగా తగిలిస్తే వెలగదు, లేదా వెలిగి మాడుతుంది. కొనేటప్పుడు ఇంకొకటి అడగండి: సైకిలు ఆగాక కూడా కొన్ని నిమిషాలు వెలుగుతుందా? మంచి లైట్లలో ఆ సదుపాయం ఉంటుంది. రోడ్డు దాటడానికి ఆగినప్పుడు, చెయిను పడి దిగినప్పుడు చీకట్లో మునగకుండా ఉంటారు. వెనుక లైటుకైతే ఇది ఉండి తీరాలి.

ముందు లైటును గోడకెదురుగా పెట్టి సరిచేయండి. సైకిలును గోడకు 5 మీటర్ల దూరంలో నిలిపితే వెలుగు మధ్యభాగం లైటు ఎత్తులో సగానికి పడాలి. అప్పుడు రోడ్డు మీద అది 10 మీటర్ల ముందు పడుతుంది, ఎదురు వచ్చేవాడి కళ్ళలో కొట్టదు. హ్యాండిలుకు సంచి తగిలించే అలవాటున్నవారు లైటును ఫోర్కు తల దగ్గర బిగించుకోవాలి.

వెనుక లైటు మన వాళ్ళు మడ్‌గార్డుకు బిగిస్తారు, రెండు వైపులా క్యాన్లు వేలాడదీస్తారు. ఇంకెక్కడ కనబడుతుంది? క్యారియరు చివర, క్యాన్లకంటే వెనుకకు వచ్చేలా రేకు ముక్క వేసి బిగించండి. పెడళ్ళకు పసుపు రిఫ్లెక్టర్లు ఉంటే పోనివ్వకండి. పైకి కిందికి ఆడే ఆ రెండు మెరుపులను చూసి అది సైకిలని డ్రైవరు ఇట్టే పోల్చుకుంటాడు. మెరిసే టేపు క్యాన్లకు అంటించవచ్చునా అని ఒక కార్యదర్శి అడిగారు. వద్దు. టేపు అంచుల కింద పాలజిడ్డు చేరుతుంది, వేడినీళ్ళతో కడిగినా పోదు, అక్కడి నుండి పులుపు మొదలవుతుంది. క్యారియరు కడ్డీకి అంటించండి.

తీగలు రెండు వేయించండి. ఒక తీగ వేసి రెండవ దారికి సైకిలు బాడీని వాడుకుంటే తుప్పు పట్టినచోట లైటు పోతుంది. హబ్బును ఎవరినీ విప్పనివ్వకండి. పాత డైనోహబ్బుల్లో అయస్కాంతాన్ని తగిన జాగ్రత్త లేకుండా బయటికి లాగితే దాని శక్తే తగ్గిపోయేది.

డబ్బు సంగతి మీ పాలకవర్గాలు చూడవలసినది. దాణా బస్తాలను సంఘం తెప్పించి పాలబిల్లులో వాయిదాలుగా పట్టుకుంటున్నాము కదా, లైట్లకూ ఆ పద్ధతి చేయవచ్చు. పదిమందికి కలిపి ఒకేచోట కొంటే విడిభాగాలు కూడా ఒకే రకంవి నిలువ ఉంచుకోవచ్చు. వచ్చే పాలకవర్గ సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చండి. అంతకు ముందు ఒకరోజు ఉదయం కార్యదర్శిగారు కేంద్రం బయట నిలబడి వచ్చిన సైకిళ్ళెన్ని, వెనుక లైటున్నవెన్ని లెక్క రాసి ఆ కాగితం సమావేశంలో పెట్టండి.